అంచు కోయని వల

మా లెక్కల సారు పోయారు. మంగళవారం పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలారట. ఆయన ఇల్లాలు గ్లాసు తీయడానికి వచ్చి పిలిస్తే పలకలేదట. ఆ వేళకు నేను రెండో సంవత్సరం పిల్లలకు పాఠం చెబుతున్నాను. టేబుల్ మీద ఫోన్ రెండు మూడుసార్లు కదిలింది గాని తీయలేదు. క్లాసులో ఫోన్ చూసేవాళ్లంటే సారుకు ఒళ్లు మంట. ఆయన రిటైరై ఇన్నేళ్లయినా ఆ భయం నన్ను వదల్లేదు. అందువల్ల సారు పోయారన్న కబురు బెల్లు కొట్టాక గాని నాకు తెలియలేదు. అప్పటికి ఊళ్లో అందరికీ తెలిసిపోయింది.

నేను పాఠం చెప్పే కాలేజీ, ఆయన నాకు పాఠం చెప్పిన కాలేజీ ఒకటే. సముద్రం ఒడ్డు పల్లెల పిల్లలు, పొలాల మీద బతికే ఊళ్ల పిల్లలు వచ్చి చదువుకునే చిన్న డిగ్రీ కాలేజీ. మరో తొమ్మిది రోజుల్లో అక్కడ గణిత సదస్సు జరగాలి. చుట్టుపక్కల జిల్లాల డిగ్రీ విద్యార్థులు ఏడాదికొకసారి ఒకచోట కలుస్తారు. మొదటిరోజు, తాము కనుక్కున్న చిన్న చిన్న సంగతులను వేదిక మీద చెబుతారు. రెండోరోజు లెక్కల పోటీ ఉంటుంది. ఎప్పుడూ పెద్ద ఊళ్లలోని పెద్ద కాలేజీల్లోనే జరుగుతుంది. ఒక్కసారైనా అది మన వైపు రావాలని సారు కోరిక. తీరా వస్తుంటే ఆయన వెళ్లిపోయారు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను.

అయితే ఈ నాలుగు మాటలు రాస్తున్నది దుఃఖంతో కాదు. సారు చెప్పుకుంటూ వచ్చిన ఒక సంగతిని సరిచేయాల్సి ఉంది. ఆయన ఉండగా చేసి ఉంటే బాగుండేది. కానీ ఆయన అలా చెబుతున్నారని నాకు తెలిసిందే ఆయన పోయాక.

సారు వాళ్లది కుట్టుపని కుటుంబం. వాళ్ల నాయన నెల్లూరులో మసీదు సందులో మిషను పెట్టుకుని ప్యాంట్లు, చొక్కాలు కుట్టేవాడు. పదో తరగతి దాకా సారు ఆ కొట్లో కాజాలు కుట్టి, గుండీలు వేసినవారే. లెక్చరర్ అయ్యాక కూడా సూదీ దారం వదల్లేదు. పరీక్షలైపోయాక పిల్లల నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు పోగుచేసి, కుట్టి, రఫ్ పుస్తకాలు చేసేవారు. కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఒకటి. నా పుస్తకానికి నీలం దారం. భుజాన వేసుకునే సంచి కూడా ప్యాంటు గుడ్డ ముక్కలతో ఆయనే కుట్టుకున్నది. ఒక జేబు బూడిదరంగు, ఒక జేబు కాఫీపొడి రంగు. లోపల చాక్‌పీసులున్న సబ్బుపెట్టె, టేపు, కత్తెర. లెక్కల సారుకు కత్తెర ఎందుకా అని కొత్త పిల్లలు చెవులు కొరుక్కునేవాళ్లు.

బోర్డు మీద తప్పు రాస్తే చెరపనిచ్చేవారు కాదు. సన్నగా ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయమనేవారు. చెరిపేస్తే ఎక్కడ తప్పామో రేపటికి గుర్తుండదని ఆయన వాదన. కొత్త సూత్రం ఏది దొరికినా ముందు అతి చిన్నదాని మీద పెట్టి చూడమనేవారు. "అన్నం ఉడికిందా లేదా అనేదానికి ఒక్క మెతుకు చాలమ్మా" అనేవారు. ఈ మాట నూరుసార్లు విన్నాను. ఒకే ఒక్కసారి ఆయనే దాన్ని పక్కన పెట్టారు, అదీ మా నాయన వల్ల.

మాది బోగోలు మండలంలో సముద్రం ఒడ్డు పల్లె. నాయన వేటకు పోయేవాడు. వేట లేని రోజుల్లో ఇసుకలో కూర్చుని వల బాగుచేసేవాడు. నేను లెక్కల గ్రూపులో చేరింది ఇష్టంతో కాదు. అందులో అందరం కలిపి ఐదుగురమే ఉండేవాళ్లం, సీటు సులభంగా దొరికింది, అంతే. రెండో సంవత్సరంలో ఒకరోజు సారు మా అందరినీ, ఇంట్లో లెక్కపెట్టదగినది ఏదైనా ఒకటి చెప్పమన్నారు. ఒకడు వడ్ల బస్తాలన్నాడు. నేను కాస్త పొగరుగా, మా ఇంట్లో వల కన్నులు తప్ప ఏమీ లేవన్నాను. సారు నా పొగరును పట్టించుకోలేదు. ఆ ఆదివారం చర్చి అయిపోయే వేళకు కత్తెర పట్టుకుని మా పల్లెకు వచ్చేశారు.

ఆయన అడిగింది ఇది. ఒక వల ముక్క తీసుకుని, ముడికీ ముడికీ మధ్య ఉన్న పోగులను ఒక్కొక్కటే కోస్తూ పోతే, వల రెండు ముక్కలు కాకుండా ఎన్ని పోగులు కోయవచ్చు? నాయన ముఖం చూడాలి. "వల అల్లేవోళ్లను చూసినా, చింపేసే చేపలను చూసినా. కోసేదానికని కత్తెర తీసుకుని వచ్చినాయనను ఇప్పుడే చూస్తుండా" అన్నాడు. అయినా పాత వలలోంచి ఒక ముక్క ఇచ్చాడు. పది నిమిషాలు పోయాక కత్తెర తనే లాక్కుని కోయడం మొదలుపెట్టాడు. వల మర్మం తనకన్నా ఊళ్లో చదువుకున్నాయనకు ఎక్కువ తెలుస్తుందా అని పంతం.

"అంచు జోలికి మాత్రం పోవద్దు సారూ" అన్నాడు నాయన. "అంచు పోతే వలే పోయినట్టు."

సారు వెంటనే తల ఊపారు. వాళ్ల నాయన కూడా అంతేనట. అంచు వదిలి గుడ్డ కోయమని, వదలకపోతే చేతి మీద స్కేలుతో ఒకటి ఇచ్చేవాడట. ఒకరు వల మనిషి, ఒకరు గుడ్డ మనిషి. అంచు కోయకూడదన్న మాట ఇద్దరికీ ఉగ్గుపాలతో వచ్చింది. అది ఒక నియమమన్న సంగతే మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

ఆ తరువాత నాలుగు నెలలు సారు, నేను ఆ వలతోనే బతికాం. ఏ కొలత ముక్క తీసుకున్నా, అందులో ఎన్ని కన్నులు, అంటే పోగుల మధ్య గళ్లు, ఉంటే అంతకు ఒకటి తక్కువ పోగులు కోయగలిగాం. ఇరవై కన్నుల వలలో పంతొమ్మిది. ముప్పై కన్నుల వలలో ఇరవై తొమ్మిది. ఎందుకలా అవుతుందో నీలం దారం పుస్తకంలో నిరూపణ రాశాను. ఒకసారి సారు, ఒక్క కన్నున్న వలతో కూడా చూద్దామా అని నాయనను అడిగారు. నాయన పగలబడి నవ్వాడు. "ఒక్క కన్నుంటే దాన్ని వలంటారా సారూ? వేలికి పెట్టుకోవాల ఉంగరం మాదిరి." సారు కూడా నవ్వేశారు. ఆ మెతుకు పట్టి చూడకుండానే కుండ దించేశాం.

ఆ ఏడు సదస్సు నెల్లూరులో ఒక పెద్ద కాలేజీలో జరిగింది. మా కాలేజీ నుంచి అంతకు ముందు ఎవరూ వెళ్లలేదు. వెళ్లే ముందు అప్పటి ప్రిన్సిపాల్ సారును పిలిచి ఉన్నమాట చెప్పారు. ఐదుగురు పిల్లల కోసం ఒక గ్రూపు నడపడం కష్టం, ఏదైనా బహుమతి తెచ్చి చూపిస్తే ఉంచమని పైవాళ్లకు రాస్తాను, లేకపోతే వచ్చే ఏడు లెక్కల్లో అడ్మిషన్లు ఆపేయమని రాస్తాను అని. ఆయన చెడ్డవాడేం కాదు. కానీ సారు బయటికి వచ్చినప్పుడు ముఖంలో రక్తం లేదు. నాతో ఒక్కటే అన్నారు, వల ముక్కలు నాలుగు ఎక్కువ పెట్టుకోమని.

నేను వేదిక మీద బాగా చెప్పాను. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. పెద్ద కాలేజీల పిల్లలు తెర మీద రంగురంగుల బొమ్మలు చూపించారు. నేను ఇరవై కన్నుల వల ముక్కను రెండు కర్రలకు కట్టి, కత్తెరతో పోగులు కోశాను. హాల్లో పిల్లలు పైకి లెక్కపెట్టారు. పంతొమ్మిది దాకా వల నిలబడింది. ఇరవయ్యోది కోయగానే ఒక ముక్క ఊడి కింద పడింది. చప్పట్లు ఆగలేదు. మొదటి బహుమతి మాదే అన్నారు. ఇత్తడి కప్పు చేతికిచ్చారు. సారు ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేస్తే, ఆయన శాలువా తెప్పిస్తున్నానన్నారు. గ్రూపు బతికిపోయింది.

సాయంకాలం నాలుగింటికి బస్సెక్కాం. కప్పు నా ఒళ్లో ఉంది. సారు టికెట్టు వెనకాల పెన్సిల్‌తో ఏదో గీసుకుంటున్నారు. పెన్నా వంతెన మీదికి వచ్చేసరికి పెన్సిల్ ఆగిపోయింది. టికెట్టు నా చేతికిచ్చారు. దాని మీద ఒక చదరం గీసి ఉంది. ఒక్క కన్నున్న వల.

మన సూత్రం ప్రకారం దీంట్లో ఎన్ని పోగులు కోయవచ్చని అడిగారు. ఒకటిలోంచి ఒకటి తీసేస్తే సున్నా అన్నాను. అంటే ఒక్కటి కోసినా ముక్కలైపోవాలి. నేను వేలితో ఒక పక్క మూసి చూశాను. మిగతా మూడు పోగులూ ఒకదానికొకటి పట్టుకునే ఉన్నాయి. ఒక్క కన్ను వలకు నాలుగు పక్కలూ అంచే. అంచు కోయవచ్చు. ఒకే ఒక్కచోట కోస్తే వల ముక్కలు కాదు. ఎన్ని కన్నులో అన్ని పోగులూ కోయవచ్చు. ఒకటి తక్కువ కాదు.

"మనం అంచు కోయం కదా సార్" అన్నాను.

"మనం కోయంలేమ్మా. కానీ ఆ మాట మనం రాయలేదు. ఏ పోగైనా అని రాసినాం."

ఇక్కడ నా బుద్ధి గురించి దాచుకోకుండా చెప్పాలి. నాకు విపరీతమైన కోపం వచ్చింది. బహుమతి ఇచ్చిన ముగ్గురు పెద్దలు కూర్చుని చూశారు, వాళ్లకే కనిపించలేదు, ఇప్పుడు తవ్వడం దేనికని అడిగాను. గ్రూపు సంగతి గుర్తుచేశాను. మన తరువాత వచ్చే పిల్లల సంగతి గుర్తుచేశాను. చివరకు, ఎవరికి తెలుస్తుంది సార్ అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సారు కోప్పడలేదు. "నాకు తెలిసిపోయింది. నీకూ తెలిసిపోయింది. ఇప్పటికే ఇద్దరమైనాం" అన్నారు. ఇంకోమాట కూడా అన్నారు. "ఒక్క మెతుకు పట్టి చూడమని మీకందరికీ చెప్పేవాడిని నేను. మీ నాయన నవ్వితే సిగ్గుపడి ఊరుకున్నా. తప్పు నాది. కప్పు మాత్రం నీ పేరు మీద ఉంది. దిగుదామా వద్దా, నువ్వే చెప్పు."

కోవూరులో దిగాం. ఆటో పట్టుకుని వెనక్కి వచ్చాం. ఆ కాలేజీ గేటు దగ్గర సారు ఆగిపోయారు. ఆయన కూడా లోపలికి వస్తారనుకున్నాను. రాలేదు. నిరూపణ చెప్పినదాన్ని నేనే కాబట్టి దాని లోపం కూడా నేనే చెప్పాలట. మా వ్యాసం కాగితాల మీద పెన్సిల్‌తో 'ఈ పద్ధతి నేర్పినది నేను' అని రాసి సంతకం చేసి ఇచ్చారు. వల ముక్కలు, నా టిఫిన్ డబ్బా ఉన్న నా సంచి తన భుజానికి, తన సంచి పక్కనే, తగిలించుకున్నారు.

"నువ్వు పోయి చెప్పిరా. సంచి నేను పట్టుకుంటా."

లోపల ముగ్గురు న్యాయనిర్ణేతలూ ఇంకా టీ తాగుతున్నారు. వాళ్లలో పెద్దావిడ ఒక ప్రొఫెసర్, తెల్లజుట్టు, చేతికి మగవాళ్ల వాచీ. నేను బోర్డు మీద ఒక చదరం గీసి చెప్పాను. వాళ్లు నన్ను బయట కూర్చోమని తలుపు వేసుకున్నారు. చాలాసేపు మాట్లాడుకున్నారు. మళ్లీ పిలిచాక ఆ పెద్దావిడ చెప్పింది. అంచు కోయకూడదు అన్న ఒక్క వాక్యం కాగితంలో ఉంటే మీ నిరూపణలో వంక పెట్టడానికి లేదు, ఆ వాక్యం లేదు గనుక బహుమతి నిలవదు అని. కప్పు రెండో స్థానంలో ఉన్న మైపాడు అమ్మాయిలిద్దరికి వెళ్లింది. సదస్సు సంచికలో మా వ్యాసాన్ని, సరిచేసిన రూపంలో అచ్చువేస్తామన్నారు. నాకు ఆ క్షణాన సంచిక ఎందుకు, నిప్పుల్లో వేయనా అనిపించింది.

బయటికి వస్తే సారు అక్కడే, రెండు సంచులతో, గేటు పక్కన నిలబడి ఉన్నారు. ఏమైందని అడగలేదు. నా ఖాళీ చేతులు చూశారు. "ఆకలేస్తుందా?" అన్నారు. బస్టాండులో ఇడ్లీ పెట్టించారు. తింటూ తింటూ ఏడ్చాను. ఆయన చట్నీ నా వైపు జరిపారు.

మరునాడు ప్రిన్సిపాల్ గదిలో శాలువా మడత విప్పకుండానే ఉండిపోయింది. ఆయన కేకలేశారు. చేజేతులా గ్రూపును ముంచుకున్నారని అన్నారు. సారు అంతా విని, ఒక్క వేసవి సెలవులు సమయం ఇమ్మన్నారు. కప్పు తేలేకపోయాను, పిల్లలను తెస్తానన్నారు.

తెచ్చారు. ఆ ఎండల్లో సారు స్కూటరు వెనక నేను, నా ఒళ్లో వల. ఒడ్డు వెంట పల్లె పల్లెకూ తిరిగాం. జూనియర్ కాలేజీలకు వెళ్లాం. వల కట్టడం, పోగులు కోయడం, చివర్లో అంచు కూడా ఒక్కచోట కోసి, వల నిలబడే ఉందని చూపించడం. తప్పు ఎక్కడ చేశామో కూడా చెప్పేవాళ్లం. విచిత్రమేమిటంటే పిల్లలకు నిరూపణ కన్నా ఆ తప్పే ఎక్కువ నచ్చేది. వేట లేని రోజుల్లో నాయన కూడా వచ్చేవాడు. కత్తెర తనే పట్టుకుని, "అంచు కూడా కొయ్యొచ్చంటబ్బా, మా పిల్ల కనిపెట్టింది" అని ఊరందరికీ చెప్పేవాడు. పదకొండు మంది చేరారు. అందులో ఏడుగురు ఆడపిల్లలు. గ్రూపు ఆగలేదు. ఇవాళ్టికీ ఆగలేదు. నేను ఎమ్మెస్సీ చేసి, పరీక్ష రాసి, అదే కాలేజీకి, అదే గ్రూపుకు పాఠం చెప్పడానికి వచ్చాను. నేను చేరిన రోజు సారు కిటికీ పక్కనున్న తన కుర్చీలోంచి లేచి, ఇది ఇక నీదని చూపించారు. చెప్పకేం, ఇన్నేళ్లయినా ఆ కుర్చీలో తిన్నగా ఆనుకుని కూర్చోలేను.

రిటైరయ్యాక కూడా ప్రతి ఏడూ మొదటి సంవత్సరం పిల్లల తొలి క్లాసు ఆయనదే. కుట్టిన రఫ్ పుస్తకాలు పట్టుకుని వచ్చేవారు. ఆ గంట నేను ఉండకూడదని షరతు. నువ్వుంటే నాకు బిడియమమ్మా అనేవారు. ముసలాయన చాదస్తంలే అని నేనూ ఆ గంట టీ తాగి వచ్చేదాన్ని. పోవడానికి రెండు వారాల ముందు సదస్సు ఏర్పాట్లు చూడటానికి వచ్చారు. అన్నీ చూసి ఒక్కటే మార్చమన్నారు. పెద్ద కాలేజీల పిల్లలకు ముందు వరసలు కేటాయించాం. అందరికన్నా దూరం నుంచి, రెండు బస్సులు మారి వచ్చే పిల్లలను ముందు కూర్చోబెట్టమన్నారు. "ఎనక కూర్చునేది వాళ్లకు ఎప్పుడూ ఉండేదే కదా" అన్నారు.

ఆయనను తీసుకెళ్లేటప్పుడు ఆడవాళ్లం ఇంటి దగ్గరే ఉండిపోయాం. మగపిల్లలు, పాత విద్యార్థులు ఖబరస్తాన్ దాకా వెళ్లారు. జనం కాస్త తగ్గాక సారు ఇల్లాలు నన్ను లోపలికి పిలిచి ఆ సంచి నా చేతిలో పెట్టింది. ఇది నీకే ఇవ్వమని ఎప్పుడూ చెప్పలేదుగాని, ఇంకెవరికి ఇవ్వాలో తోచలేదమ్మా అంది. సబ్బుపెట్టె, టేపు, కత్తెర. అడుగున ఒక నైలాన్ వల ముక్క, ఇరవై కన్నులది. అంచులో ఒకచోట కోసి ఉంది. సదస్సు వాయిదా వేయాలా అని ఆమెనే అడిగాం. వద్దంది. పిల్లలు టికెట్లు కొనుక్కుని ఉంటారు కదా అంది.

మూడోరోజు కాలేజీలో సంతాప సభ పెట్టాం. మొదటి సంవత్సరం పిల్లాడొకడు లేచి, సారు తొలి క్లాసులో చెప్పిన కథ చెప్పాడు. సారు ఒకప్పుడు వల మీద ఒక లెక్క కట్టారట. అందులో తప్పు చేశారట. ఆయన శిష్యురాలు ఒకామె ఆ తప్పు కనిపెట్టి, గెలిచిన కప్పును వెనక్కి ఇచ్చేద్దామని ఆయనను బస్సు దింపిందట. గురువు తప్పును పట్టుకునే ధైర్యం మీకు కూడా రావాలని సారు చెప్పారట. రెండో సంవత్సరం పిల్లలు తలలూపారు. మూడో సంవత్సరం పిల్లలూ ఊపారు. అందరికీ అదే కథ తెలుసు. నన్ను ఆ గంట క్లాసులో ఉండనివ్వకపోవడం ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

ఇన్నేళ్లూ తప్పంతా తన వైపు రాసుకుని, దాన్ని కనిపెట్టిన ఘనతంతా నాకు రాసిపెట్టారు. నిజం అది కాదు. ఎవరికి తెలుస్తుంది సార్ అన్నది నేను. టికెట్టు మీద చదరం గీసింది ఆయన. ఆయన బోర్డు మీద ఏ తప్పునూ చెరపనిచ్చేవారు కాదు, నా తప్పును మాత్రం చెరిపేశారు. దీన్ని ఇలా వదిలేస్తే నేను ఆయన శిష్యురాలిని కాను.

సదస్సు తొలిరోజు మా హాలు నిండిపోయింది. ముందు వరసల్లో రెండు బస్సులు మారి వచ్చిన పిల్లలు కూర్చున్నారు. ముఖ్య అతిథిగా వచ్చింది ఎవరో కాదు, అప్పటి ఆ పెద్దావిడే. జుట్టు ఇంకా తెల్లబడింది, చేతికి అదే మగవాళ్ల వాచీ. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సారు గురించి అడిగింది. నా భుజానున్న సంచిని కాసేపు చూసి, తను కూడా ఒకమాట చెప్పింది. ఆరోజు తలుపు వేసుకుని వాళ్లు గంటన్నర వాదించుకున్నారట. ఆ తప్పు మాకెందుకు కనబడలేదా అన్న సిగ్గుతో, కప్పు పిల్ల దగ్గరే ఉండనిద్దామని మిగతా ఇద్దరూ అన్నారట. ఆవిడకూ మనసు అటే లాగిందట. అప్పుడు కిటికీలోంచి గేటు కనిపించిందట.

"గంటన్నర సేపు ఆయన ఆ సంచులు కింద పెట్టలేదమ్మా. పక్కనే అరుగుంది, కూర్చోలేదు కూడా. ఆయన్ని చూశాక కప్పు నీ దగ్గర ఉంచితే మిమ్మల్నిద్దరినీ తక్కువ చేసినట్టవుతుందనిపించింది."

అంతలో మైకులో నా పేరు పిలిచారు. స్వాగతం చెప్పాల్సింది నేనే. సబ్బుపెట్టెలోంచి ఒక చాక్‌పీసు తీసుకున్నాను. వేదిక మీది బోర్డు మీద ఒక్క చదరం గీసి, సారు చెప్పిన కథలో ఒక గీత కొట్టి, పక్కన నిజం రాద్దామనుకున్నాను. లేచేసరికి ఆ సంచి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కుర్చీలో పెట్టబోతుంటే పెద్దావిడ చేయి చాపింది.

"పోయి చెప్పి రామ్మా. నేను పట్టుకుంటాను."

చెప్పాను. బస్సులో నేనన్న మాటతో సహా అంతా చెప్పాను. మాట్లాడుతూ ఒకసారి కిందికి చూశాను. అందరూ కూర్చుని ఉన్నారు. ముందు వరస చివర ఆ పెద్దావిడ ఒక్కతే, సంచి భుజానికి తగిలించుకుని, నిలబడి ఉంది.